తప్పుకు వెయ్యి మాటలు

మా చెల్లెలి కొడుకు అమెరికాలో పోపు పెట్టి ఫైరింజను తెప్పించాడు.

నవ్వకండి. వాడక్కడ ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఉండేది యూనివర్సిటీవాళ్ళ నాలుగంతస్తుల మేడలో. గదుల్లో పొయ్యి వెలిగించకూడదు, ఏం వండుకున్నా కింద ఉన్న ఉమ్మడి వంటింట్లోనే వండుకోవాలని నియమం. జనవరి నెల, రాత్రి పదకొండు గంటలు, బయట మంచు. మావాడికి చారుమీదకి మనసు పోయింది. కిందకి దిగడానికి బద్ధకం. ఎక్కడో చిన్న కరెంటు పొయ్యి సంపాదించాడు. పొగ తగిలితే కూసే యంత్రం ఒకటి గది కప్పుకి ఉంటుందిట. దానికి ఇండియన్ షాపు ప్లాస్టిక్ సంచీ తొడిగి రబ్బరు బ్యాండు బిగించాడు. అక్కడికీ తెలివైనవాడే! తీరా ఎండుమిరపకాయలూ ఇంగువా నూనెలో పడేసరికి ఊపిరాడక గది తలుపు తీశాడు. వరండాలో యంత్రానికి సంచీ లేదు కదా. అది కూసింది. దాంతోపాటు మేడ మేడంతా కూసింది. నిద్దట్లో ఉన్న పిల్లలందరూ దుప్పట్లు కప్పుకుని మంచులోకి పరుగెత్తారు.

మన దగ్గరైతే ఏం జరిగేది? జరిమానా వేసేవారు, తండ్రిని పిలిపించేవారు, మరీ కోపమొస్తే పెట్టె సర్దుకోమనేవారు. అక్కడ మావాడికి పడిన శిక్ష విచిత్రంగా ఉంది. చేసిన పని గురించి ఆలోచించి వెయ్యి మాటల్లో వ్యాసం రాయాలి. ఇబ్బందిపడినవాళ్ళకి ఒక ఉత్తరం రాయాలి. పది గంటలసేపు అగ్నిప్రమాదాల నివారణ పనిలో సాయం చెయ్యాలి.

“పెద్దమ్మా, ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పావు. వ్యాసాలు దిద్దడం నీకు వెన్నతో పెట్టిన విద్య. ఇదొక్కసారి చూసిపెట్టవూ” అని తను రాసింది నాకు పంపించాడు. అంచేత ఈవారం నా సమీక్షకి దొరికింది ఒక అపరాధి వ్యాసం. దానికి అట్ట లేదు, వెల లేదు, పీఠిక అసలే లేదు.

చదివాను. ఒక్క తప్పు లేదు. పశ్చాత్తాపం, బాధ్యత, సమాజం, ఎదుగుదల, అన్నీ పేరంటానికి వచ్చిన ముత్తయిదువుల్లా వరసగా కూర్చున్నాయి. ఎక్కడా ఇంగువ వాసన మాత్రం లేదు. “ఎవరు రాశార్రా ఇది?” అన్నాను. కాసేపు నసిగి, ఈమధ్య వచ్చిన కంప్యూటరు యంత్రం చేత రాయించానని ఒప్పుకున్నాడు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. దానంత చక్కగా క్షమాపణ చెప్పేవాళ్ళు ఎవరుంటారు? అది ఎన్నడూ ఎవరి నిద్రా చెడగొట్టి ఎరగదు.

వాణ్ణి తిట్టబోయి ఆగిపోయాను. యంత్రాలు పుట్టకముందు మనం చేసింది మాత్రం ఏమిటి? వీధిబడిలో కోదండం తీయించారు, గుంజీళ్ళు తీయించారు, గోడకుర్చీ వేయించారు. ఇంగ్లీషు బళ్ళు వచ్చాక ఇంపొజిషన్ వచ్చింది. “ఇక ముందు అల్లరి చేయను” అని వందసార్లు. నిలువుగా “ఇక” అంతా ముందు రాసేసి, ఆ తరువాత “ముందు” అంతా రాసేసే పిల్లలు మా క్లాసులోనే నలుగురుండేవారు. తొందరగా రాసిన ఘనత నాదే. వందసార్లు రాసిన నాకు ఆ వాక్యానికి అర్థం ఉందన్న సంగతి స్ఫురించినట్టు గుర్తులేదు.

పెద్ద చదువులకి వచ్చినా ఆ తంతు పోలేదు. రాగింగ్ కోసం మన రాష్ట్రంలో 1997లోనే చట్టం చేశారు. యు.జి.సి. వాళ్ళు 2009లో దేశమంతటికీ నిబంధనలు పెట్టారు. సస్పెన్షన్, స్కాలర్‌షిప్ ఆపడం, పరీక్షలకి రానివ్వకపోవడం, హాస్టల్ నుంచి పంపించెయ్యడం వంటి శిక్షలు అందులో ఉన్నాయి. అవి ఉండవలసినవే. కాని వాటితోపాటు విద్యార్థి ఒక హామీపత్రం, తల్లిదండ్రులు ఒకటి సంతకాలు పెట్టి ఇవ్వాలన్నారు. మీరూ పెట్టే ఉంటారు. నిజం చెప్పండి, చదివి పెట్టారా? ఫీజు కట్టే హడావిడిలో “ఇక్కడ, ఇక్కడ” అని వేలు చూపించిన చోటల్లా గీకేసి వచ్చేశాం.

అసలీ కొత్తరకం శిక్షకి మూలం ఎక్కడుందా అని వెతికితే ఒక కథ దొరికింది. 1974లో కెనడాలో ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు ఒకరాత్రి తాగి, 22 చోట్ల అద్దాలు పగలగొట్టీ, కార్ల టైర్లు కోసీ బీభత్సం చేశారు. కోర్టు తరఫున వాళ్ళ మంచిచెడ్డలు చూసే మార్క్ యాంట్జీ అనే ఉద్యోగి, వీళ్ళని నష్టపోయినవాళ్ళ దగ్గరికే తీసుకువెడితే ఎలా ఉంటుందన్నాడు. జడ్జి మొదట సందేహించి చివరికి సరే అన్నాడు. ఆ కుర్రాళ్ళు గడపగడపకీ వెళ్ళి తలుపు తట్టి, “మీ కిటికీ పగలగొట్టింది మేమే” అని చెప్పవలసివచ్చింది. నష్టం ఎంతో కనుక్కుని, తరువాత డబ్బు కట్టారు. జైలుగోడకి ముఖం దాచుకోవచ్చు గాని, తలుపు తీసిన ముసలమ్మ ముఖం ముందు ఎక్కడ దాచుకుంటాం? వాళ్ళిద్దరిలో ఒకాయన ఆ తరువాతి కాలంలో ఇలాంటి రాజీల పనిలోనే చేరాడు.

ఆ పద్ధతే మెల్లిగా కాలేజీల్లోకి వచ్చింది. డేవిడ్ కార్ప్ అనే ఆచార్యుడు 2013లో కాలేజీలకోసం దీనిమీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. మన పద్ధతిలో మొదట అడిగేది “ఏ రూలు తప్పావు?” అని. వీళ్ళు అడిగేది “నీవల్ల ఎవరికి ఏం నష్టం జరిగింది? దాన్ని సరిచెయ్యడానికి నువ్వేం చేస్తావు?” అని. మొదటి ప్రశ్నకి జవాబు నోటీసు బోర్డుమీద ఉంటుంది. రెండోదానికి లేచి వెళ్ళి నలుగురినీ అడిగితేగాని దొరకదు.

ఇంకో కథ సాహిత్యాభిమానులకి నచ్చేది. రాబర్ట్ ఫ్రాస్ట్ పేరు వినే ఉంటారు, నెహ్రూగారు తన బల్లమీద ఆయన పద్యం రాసిపెట్టుకునేవారంటారు. ఆ కవి 1939 నుంచి వేసవులు గడిపిన పల్లెటూరి ఇల్లు వెర్మాంట్ రాష్ట్రంలో రిప్టన్ దగ్గర ఉంది. ఇప్పుడది మిడిల్‌బరీ కాలేజీవాళ్ళది. 2007 డిసెంబరులో కుర్రకారు ఆ ఇంట్లో దూరి, తాగి, కుర్చీలు విరగ్గొట్టి, 10,000 డాలర్ల పైచిలుకు నష్టం చేశారు. 28 మందిమీద కేసులు పెట్టారు. వాళ్ళలో చాలామందిని ఫ్రాస్ట్ కవిత్వం పాఠాలకి పంపించారు! ఫ్రాస్ట్ జీవితచరిత్ర రాసిన జే పరీనీ వాళ్ళకి పాఠం చెప్పాడు.

మొదట చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పద్యాన్ని శిక్ష చేస్తారా? కషాయంలో బెల్లం కలిపిస్తే పిల్లాడికి చివరికి బెల్లమంటేనే రోత పుడుతుంది. వేమన పద్యం ఇంపొజిషన్ రాసినవాడు మళ్ళీ వేమన జోలికి వెడతాడా? తరువాత నిదానంగా ఆలోచిస్తే ఇంకోటి తోచింది. ఆ ఇంటాయన 1963లోనే పోయాడు. తలుపు తట్టి “మీ కుర్చీ విరగ్గొట్టాం” అందామంటే ఎవరున్నారు? ఆయన వచ్చి వాళ్ళతో మాట్లాడాలంటే ఉన్న దారల్లా ఆయన పద్యమే. ఆ పిల్లలందరికీ కవిత్వం ఒంటబట్టిందని నేననను. కాని ఆ ఇల్లెవరిదో వాళ్ళకి తెలిసింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది మంచి శిక్షే.

అలాగని వ్యాసం రాస్తే ప్రతి తప్పూ కడుక్కుపోతుందా? 2024 మే నెలలో పూనాలో, పదిహేడేళ్ళ కుర్రాడు నడుపుతున్నాడని పోలీసులు చెప్పిన కారు గుద్ది ఇద్దరు ఇంజనీర్లు చనిపోయారు. ఆ కుర్రాడికి బెయిలిస్తూ బాలల బోర్డు పెట్టిన షరతుల్లో 300 మాటల వ్యాసం ఒకటి. దేశమంతా భగ్గుమంది, మూడోరోజుకల్లా బోర్డు ఉత్తర్వు మార్చుకుంది. ఆ కోపం న్యాయమైనదే. రెండు ప్రాణాలకి 300 మాటలంటే కన్నవాళ్ళ కడుపు రగలదూ? ఇంతకీ ఆ వ్యాసం రాయమన్నది ప్రమాదాల మీద. పోయిన ఆ ఇద్దరి మాట అందులో రావలసిన అవసరమే లేదు. నాకు కష్టమనిపించింది అదే.

ఇంత విమర్శ చేస్తున్నాను కదా, నా చేతులు చూపించకపోతే బాగుండదు.

చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న ఊళ్ళో ఆడపిల్లల కాలేజీలో పనిచేస్తూ హాస్టలు బాధ్యత కూడా చూసేదాన్ని. ఒకరాత్రి నలుగురు పిల్లలు సెకండ్ షోకి గోడ దూకారు. దొరికిపోయారు. వాళ్ళచేత క్షమాపణ పత్రాలు రాయించాను. రాయించడమంటే నేను చెప్పాను, వాళ్ళు రాశారు. “నా ప్రవర్తనవల్ల కళాశాల గౌరవానికి భంగం కలిగినందుకు మిక్కిలి చింతిస్తున్నాను” అని మొదలు. నాలుగూ ఒకేలా ఉన్నాయి. తండ్రులు పనులు మానుకుని బస్సులెక్కి వచ్చి కింద సంతకాలు పెట్టారు. ఫైల్లో పెట్టి బీరువాకి తాళం వేశాను. మంచి వార్డెనని పేరొచ్చింది.

పదేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో ఆ నలుగురిలో ఒకమ్మాయి కనిపించింది. ఇప్పుడు తనూ ఒక కాలేజీలో లెక్చరరు. కాళ్ళకి దణ్ణం పెట్టి, నవ్వుతూ ఆ పత్రం మొత్తం అప్పజెప్పింది. అక్షరం పొల్లుపోలేదు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. అప్పుడడిగింది.

“మేడమ్, గేటు దగ్గర ఉండేవాడే తాత, ఆయన పేరేమిటి?”

నా నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి కాపలాలో ఏమరుపాటుగా ఉన్నాడని ఆ వాచ్‌మన్‌కి పదిహేను రోజుల జీతం కోశారు. ఆ కాగితంమీద సంతకం నాది. ఆ పిల్లలు గోడ దూకినందువల్ల నిజంగా నష్టపోయిన మనిషి ఊరు మొత్తంమీద ఆయనొక్కడు. కళాశాల గౌరవానికి ఏమీ కాలేదు, అది మర్నాడూ గేటుమీద బోర్డులా అలాగే ఉంది. నాలుగు క్షమాపణ పత్రాల్లోనూ ఆయన మాట లేదు. నేను చెప్పలేదు, వాళ్ళకి తోచలేదు. “నెలాఖరున తెలిసింది మేడమ్. చిల్లర పోగుచేసి ఇద్దామనుకున్నాం. ధైర్యం చాలలేదు” అందా అమ్మాయి. ఆయన్ని నేను “ఏమోయ్” అనేదాన్ని, పిల్లలు “తాతా” అనేవారు. పేరు ఇద్దరికీ తెలియలేదు. తరువాత కాలేజీకి ఫోను చేసి అడిగాను. అంత పాత రిజిస్టర్లు లేవన్నారు.

అంచేత మావాడి వ్యాసం తిరగ్గొట్టాను. “ఒరే నాయనా, పశ్చాత్తాపం సంగతి తరువాత చూద్దాం. ముందా రాత్రి మీ మేడలోంచి ఎవరెవరు దిగారో కనుక్కుని రా” అన్నాను. విసుక్కున్నాడు. రెండువందలమంది ఉంటారన్నాడు. పదిమందిని అడిగినా చాలన్నాను.

వారం తరువాత ఫోను చేశాడు. గొంతు మారింది. పై అంతస్తులో కాలికి సిమెంటు కట్టుతో ఒక కుర్రాడున్నాడుట. అలారం మోగితే లిఫ్టు పనిచెయ్యదు. ఆ రాత్రి వాణ్ణి ఇద్దరు స్నేహితులు నాలుగంతస్తులూ చేతులమీద మోసుకుని దింపారు. మర్నాడు పొద్దున వాడికి పరీక్ష. “నేను చూశాను పెద్దమ్మా, మంచులో కుంటుతూ నిలబడ్డాడు. అప్పుడు మాత్రం నేను నా పొయ్యి ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తున్నాను” అన్నాడు.

“ఆ మాటే రాయి” అన్నాను.

రెండో ప్రతి వచ్చింది. వెయ్యి మాటలకి రెండువందలు తక్కువ. ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. నేను దిద్దలేదు. ప్లాస్టిక్ సంచీ ఉంది, రబ్బరు బ్యాండు ఉంది, కాలికట్టు కుర్రాడు పేరుతో సహా ఉన్నాడు. ఉత్తరం ఆ కుర్రాడికే రాశాడు, స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఉత్తరంతోపాటు డబ్బానిండా పులిహోర కూడా పట్టుకెళ్ళాడట.

“పోపు ఎక్కడ పెట్టావురా?” అన్నాను భయంభయంగా.

“కింద వంటింట్లోనే పెద్దమ్మా. ఫ్యాను వేసి, తలుపు మూసి” అన్నాడు.