మురుగునీటి వైద్యుడు

హైదరాబాదు నిజాంపేటలో అంతస్తులపై అంతస్తులుగా లేచిన గృహసముదాయముల నేలమాళిగలలో, గాలినూదు బ్లోయరు హోరు నడుమ, లీటరు గాజుపాత్రలో తొట్టినీటిని పట్టి, అర్ధగంటసేపు నిశ్చలముగ నుంచి, అడుగున దిగిన గోధుమవన్నె మడ్డి మట్టమును చూచి సూక్ష్మజీవుల క్షేమము గ్రహించు మురుగునీటి శుద్ధికేంద్రపు (ఎస్టీపీ) ఆపరేటరును నేను నాడిపట్టు వైద్యునితో పోల్చెదను. (అతిశయోక్తి యనువారు ఆ వాసనలో ఒక్కపూట నిలిచి చూతురుగాక!) 1914లో మాంచెస్టరున పరిశోధకులు ఆర్డెర్న్, లాకెట్‌లు వెల్లడించిన మురుగుశుద్ధి పద్ధతియే యిది: గాలి యందిన జీవులు మాలిన్యమును భుజించి, గుంపుగూడి, అడుగునకు దిగును, గాలి నిలిచెనా, తొట్టి నల్లబడి కుళ్లుకంపు గొట్టును. మడ్డిలో కొంత మరల తొట్టికే పంపి, మిగిలినది తీసివేయవలెను. ఆ మోతాదు నెరుగుటయే యాతని విద్య. ఊరి మురుగును మోయు కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగరమునకును, ఆ యలుగునీరు మూసీకిని, మూసీ వాడపల్లికడ కృష్ణకును చేరుచుండగా, ఆతడు మాత్రము పాత్ర కడిగి, రిజిస్టరులో అంకె వ్రాసి, మరల బ్లోయరు చప్పుడునకు చెవియొగ్గి కూర్చుండును.