ప్రయాణ నవల: దారి తప్పితే ఏమవుతుంది?

గత భాగంలో నవలకు ఇతివృత్తం ఎట్లా అమరుతుందో చదివారు. ఈ భాగంలో ప్రయాణమే ఇతివృత్తమైన నవలలను పరిశీలిద్దాం. ఒకే ప్రయాణ నవల ఒకరికి వినోదంగానూ, ఇంకొకరికి బెంగగానూ ఎందుకు తోస్తుంది? చాలామంది విద్యార్థులు 'అభిరుచి భేదం వల్ల' అని రాసి ఊరుకుంటారు. ఏళ్ల తరబడి జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఆ మాటతో ఏమీ తేలదు.

ఈ ప్రశ్నను కథలోనే ఇమిడ్చిన గ్రంథం మనకు ఒకటుంది. అది మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన 'కాశీమజిలీ కథలు'. ఆధునికార్థంలో ఇది నవల కాదు. అయినా దారి వెంట సాగే కథనానికి తెలుగులో పెద్ద నమూనా. మణిసిద్ధుడికి కాశీ చేరాలి. తోడు వచ్చే పశువుల కాపరికి కాశీతో పని లేదు. దారిలో తాను చూసిన వింతకు కథ చెప్పాలన్నదే అతని షరతు. ఒకరికి గమ్యం ముఖ్యం, మరొకరికి మజిలీ ముఖ్యం. పాఠకులలోనూ ఈ ఇద్దరూ ఉంటారు.

ఇప్పుడు 'బారిష్టర్ పార్వతీశం' చూద్దాం. మొక్కపాటి నరసింహశాస్త్రి రచించిన ఈ నవల మొదటి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు యువకుడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, మద్రాసు, కొలంబోల మీదుగా ఓడలో సీమకు వెళతాడు. దారి పొడుగునా పొరపాట్లే. మద్రాసులో టోపీ కొంటాడు, అది ఆడవాళ్ల టోపీ. దీన్ని హాస్య నవల అని వర్గీకరించి పక్కన పెట్టడం విమర్శలో అలవాటైపోయింది. నాకది సరిపోదు. కథ చెప్పేది పార్వతీశమే కదా! తన అమాయకత్వాన్ని తానే చెప్పుకుంటున్నవాడిని చూసి మనం నవ్వుతున్నాం. ఆ నవ్వులో కొంత భాగం మన మొదటి ప్రయాణానిది.

సంగారెడ్డిలో ఒక ఆదివారం తరగతిలో ఈ నవల చెబుతుండగా అందరూ నవ్వారు, ఒక్క విద్యార్థి తప్ప. అతను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో నైట్ షిఫ్టు చేసి, నిద్రలేని కళ్లతో నేరుగా తరగతికి వచ్చాడు. తరగతి అయ్యాక అడిగాను. "సార్, నేను మొదటిసారి ఊరు విడిచి వచ్చినప్పుడు దిగాల్సిన స్టేజీ దాటిపోయి తర్వాతి స్టేజీలో దిగాను. కాంట్రాక్టరు గేటు దగ్గర ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. వారం రోజులు పని లేదు" అన్నాడు. నేను పుస్తకాల్లో వెతుకుతున్న సూత్రం అతని మాటలో దొరికింది.

ప్రయాణ నవల చదివేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: ఇందులో దారి తప్పితే ఏమవుతుంది? పార్వతీశం తప్పు చేస్తే సిగ్గుపడతాడు, అంతే. అతను తిరిగి వెళ్లడానికి ఇల్లు అక్కడే ఉంది. ఆ భరోసాయే మన నవ్వుకు ఆధారం. అమెరికా నవలల్లో జాక్ కెరువాక్ 'ఆన్ ది రోడ్' (1957) ఈ కోవలోదే; పాత్రలు కావాలని దారి పట్టాయి. జాన్ స్టైన్‌బెక్ 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939) అట్లా కాదు. ఓక్లహోమాలో భూమి పోగొట్టుకున్న జోడ్ కుటుంబం పాత వాహనంలో కాలిఫోర్నియాకు పోతుంది. అక్కడ బండి చెడిపోతే అది హాస్య సన్నివేశం కాదు, పూటకూటి సమస్య. వెనక్కి పోదామంటే ఇల్లు లేదు.

మన వాకిట్లోనే ఉదాహరణ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కందిలో ఐఐటీ హైదరాబాద్ నిర్మాణపు పనుల్లో ఉన్న వలస కూలీలు ఇళ్లకు పంపమని ఆందోళన చేశారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో ప్రత్యేక రైలు బయలుదేరింది. ఆ రాత్రి బస్సుల్లో లింగంపల్లికి వచ్చినవారి చేతిలో 'పార్వతీశం' పెడితే ఏ పేజీ దగ్గర ఆగేవారో ఊహించండి.

అయితే ఒక జాగ్రత్త. కష్టజీవికి కష్టం కథే నచ్చుతుందని తేల్చేయకండి. అదే తరగతిలో ముంబయి రోడ్డు మీద లారీ క్లీనరుగా తిరిగే విద్యార్థి ఉండేవాడు. జోడ్ కుటుంబం గురించి చెబితే అతను ఆవులించాడు; కాశీమజిలీలు మాత్రం లైబ్రరీ నుంచి వరసగా పట్టుకుపోయాడు. "రోడ్డు బాధ నాకు తెలిసిందే కదా సార్, డాబా దగ్గర ఆగినప్పుడు కథ కావాలి" అన్నాడు. వాడు మణిసిద్ధుడి జట్టు కాదు, కాపరి జట్టు.

ఇదే ప్రశ్నను యాత్రాచరిత్రకూ వేయవచ్చు. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆయన పల్లకిలో ఉన్నాడు, బోయీలు మోశారు. 'కాశీయాత్ర చరిత్ర'లో హైదరాబాదు దాటి ఉత్తరానికి పోయే భాగం తీసుకోండి. దారి చెడ్డదని ఆయన రాసిన చోటల్లా, ఆ దారి ఎవరి కాళ్ల కింద చెడ్డదో మార్జినులో పెన్సిలుతో రాస్తూ చదవండి.