బ్యాట్‌మ్యాన్ అనుసరణలు: మూలం, కర్తృత్వం

అనుసరణను మూలవిధేయత అనే కొలమానంతో అంచనా వేయడం విమర్శలో పరిపాటి. బ్యాట్‌మ్యాన్ విషయంలో ఈ కొలమానం చాలదు. 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో అవతరించిన ఈ పాత్రను 1966 నాటి టెలివిజన్ ధారావాహిక హాస్యం వైపు నడిపింది; 1989లో టిమ్ బర్టన్ చిత్రం చీకటి లోకంలోకి మళ్లించింది. అదే ఏడాది ప్రిన్స్ పాటల ఆల్బమూ, చొక్కాలపై ముద్రించిన గబ్బిలం గుర్తూ కథతో నిమిత్తం లేకుండానే పాత్రను ప్రచారంలోకి తెచ్చాయి. 1992లో టెలివిజన్ యానిమేషన్ కోసం సృష్టించిన హార్లీ క్విన్ ఆ తరువాతనే కామిక్స్‌లో ప్రవేశించింది. అనగా ఇక్కడ అనుసరణయే మూలాన్ని విస్తరింపజేసింది.

రూపం విషయంలో కనిపించే ఈ స్వేచ్ఛ కర్తృత్వం విషయంలో కనిపించదు. వేషంలోనూ, కథలోనూ పాత్రను తీర్చిదిద్దిన రచయిత బిల్ ఫింగర్ 1974లో మరణించారు. 1989 చిత్రం సృష్టికర్తగా బాబ్ కేన్‌ను మాత్రమే పేర్కొన్నది. ఫింగర్ పేరుకు కేన్ సరసన అధికారికంగా స్థానం లభించింది 2015లోనే. అప్పటికి పాత్ర వయస్సు 76 ఏళ్లు. అన్ని మాధ్యమాలూ చెలామణీ చేసిన గుర్తు వెనుక ఒక రచయిత అదృశ్యమయ్యారు.

కనుక అనుసరణల అధ్యయనం మూలంలో ఏది మిగిలిందన్న ప్రశ్నతో ఆగరాదు. మూలం ఎవరిదన్న ప్రశ్నను కూడా వేయాలి.