చాటింపు వేసినోళ్లు కాలనీలో నివాసులు కారా?

కాలనీ జీవితం మీద మన పత్రికల్లో వచ్చే రాతలకి ఒక బాణీ ఉంది. పల్లెల్లో పోయిన కలుపుగోలుతనం నగర శివారు కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో మళ్లీ పుట్టిందనీ, కులం తెలియని కొత్త ఇరుగుపొరుగు తయారయిందనీ వాటి సారాంశం. వినాయక చవితి పందిరి, కార్తీక వనభోజనం, ఆదివారం అసోసియేషన్ మీటింగు వాళ్లు చూపే సాక్ష్యాలు. కార్తీకంలో కులానికో తోట చూసుకుని వేరువేరుగా వండుకునే వనభోజనాలు కూడా కలుపుగోలుతనానికి సాక్ష్యమవడం విడ్డూరమే. ఈ సాక్ష్యాల్ని మేం నాలుగు ప్రశ్నలు అడగదల్చుకున్నాం. కాలనీలో కబురు ఎవరు పుట్టిస్తారు? ఎవరు మోస్తారు? ఎవరికి చేరుతుంది? ఎవరు బదులు చెప్పగలరు?

ముందు ఊరి సంగతి చూద్దాం. ఊళ్లో కబురుకి కులం ఉంది. డప్పు కొట్టి చాటింపు వెయ్యడం మాదిగ పని. పొరుగూళ్లకి చావుకబురు మోసుకెళ్లడం చాలాచోట్ల మాల పని. వెట్టి, మస్కూరి, సుంకరి, పేరేదైనా ఊరి నోరుగా పనిచేసింది మన జాతులే. కానీ ఆ చాటింపులో ఒక్క మాట కూడా చాటినవాళ్లది కాదు. రచ్చబండ దగ్గర నిర్ణయం జరిగేటప్పుడు దూరంగా నిలబడాలి. నిర్ణయం అయ్యాక మాత్రం ఆ గొంతు కావాలి. నోరు మనది, మాట వాళ్లది.

1941లో వచ్చిన జాషువా 'గబ్బిలం'ని మన పండితులు ఎక్కువగా 'మేఘసందేశం' పక్కన పెట్టి, సందేశకావ్యంగా మెచ్చుకుని ఊరుకున్నారు. మేం దాన్ని కబురు మీద హక్కు గురించిన కావ్యంగా చదువుతాం. ఊరందరి కబుర్లూ మోసిన జాతి మనిషికి తన కబురు మోసేవాళ్లు ఒక్కరూ దొరకలేదు. గుళ్లోకి తను పోలేడు, గబ్బిలం పోగలదు. అందుకే కాశీలోని శివుడికి తన గోడు దానితో చెప్పి పంపాడు. గబ్బిలం కోసం కాదు ఆ కావ్యం. మనిషి మాట మనిషికి చేరనివ్వని సమాజం కోసం.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరిని సంకుచితత్వానికి నిలయంగా చూపి, దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లని నిలదీశాడు. ఆ మాట నమ్మే మనోళ్లు నగరానికొచ్చారు. నగరమేమో ఊళ్లని మింగుతూ పెరిగింది. 2007లో 12 మున్సిపాలిటీలూ 8 గ్రామపంచాయతీలూ పాత నగరపాలక సంస్థలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయింది. ఉప్పల్, అల్వాల్, కూకట్‌పల్లి ఒకప్పుడు ఊళ్లే. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. అలాంటి ఊళ్లలో వాడకీ కాలనీకీ మధ్య ప్రహరీగోడ లేచింది. వాడలోని ఆడవాళ్లు ఆ గోడ చుట్టూ తిరిగి, గేటు దగ్గర పేరు రాయించుకుని, పాచిపనికి లోపలికి పోతున్నారు.

ఇప్పుడు నోటీసు బోర్డు చదువుదాం. ఈ కాయితాన్ని విమర్శకులెవరూ సాహిత్యంగా లెక్కపెట్టరు. మేం లెక్కపెడతాం. ఎందుకంటే కాలనీలో అందరూ రోజూ చూసే తెలుగు వాక్యం అదే. ఆ వాక్యాలు రెండు రకాలు. 'నివాసులందరికీ మనవి, దయచేసి సహకరించగలరు' అనేది ఒక రకం. 'పనివాళ్లు వాడరాదు, కూర్చోరాదు, నిలబడరాదు' అనేది రెండోది. మొదటిదాంట్లో ఎదుటిమనిషి ఉన్నాడు, మర్యాద ఉంది. రెండోదాంట్లో పనివాళ్లతో మాట్లాడ్డం కూడా లేదు. వాళ్ల గురించి ఇంకెవరికో చెప్పడమే. 2023లో హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంటు నోటీసు ఫొటో వార్తలకెక్కింది. పనిమనుషులు, డ్రైవర్లు, సరుకులు తెచ్చే కుర్రాళ్లు మెయిన్ లిఫ్టులో కనిపిస్తే 1000 రూపాయలు జరిమానా అని ఉందందులో. దాన్ని పరిశుభ్రత అని సమర్థించేవాళ్లుంటారు. ఇల్లంతా శుభ్రం చేసే చేతులకి లిఫ్టులో మైల ఎక్కడినుంచి వచ్చింది? మైల అన్న మాట పలకడానికి సిగ్గుపడి పరిశుభ్రత అంటున్నారు, అంతే తేడా.

'నివాసి' అంటే ఎవరు? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టంలో సంఘం అనేది యజమానుల సంఘం. కాగితం మీద పేరున్నవాళ్లే సభ్యులు. మెట్లకింద గదిలోనో, సెల్లారులో మోటారు పక్కనో పిల్లల్తో కాపురముండే వాచ్‌మెన్ కుటుంబం ఇరవైనాలుగ్గంటలూ అక్కడే ఉంటుంది గానీ నివాసి కాదు. ట్యాంకరొచ్చిందని ఇంటింటికీ చెప్పేది వాళ్లే. సర్క్యులర్ పట్టుకుని అన్ని అంతస్తులూ తిరిగి సంతకాలు తెచ్చేదీ వాళ్లే. పాలమూరు నుంచో ఉత్తరాంధ్ర నుంచో వలసొచ్చిన ఈ కుటుంబాలన్నీ దళిత కుటుంబాలే అని మేం అనడంలేదు. బీసీలున్నారు, ఆదివాసీలున్నారు. కులం మారినా పని స్వభావం మారలేదంటున్నాం. ఇది ఊరి వెట్టికి నగరం వేసిన యూనిఫాం.

కబురు ఇప్పుడు ఫోనులోకొచ్చింది. గేటు దగ్గరి యాప్‌లు పనిమనిషి ఎన్నింటికొచ్చిందీ, ఎన్నింటికి పోయిందీ యజమానికి చెప్తున్నాయి. ఆమె మాట యజమానుల సంఘానికి చేరే దారి మాత్రం తెరుచుకోలేదు. పనిముట్టు మారితే సంబంధం మారుతుందన్న భ్రమ మాకు లేదు.

మరి కాలనీలో ఇల్లు కొనుక్కున్న దళిత ఉద్యోగి సంగతేంటి? ఆయన నోటీసులో నివాసే. కానీ ఆయన్ని 'ఏ ఊరండీ? ఇంటిపేరేంటండీ? నాన్‌వెజ్ తింటారా?' అనే ప్రశ్నలు వెంటాడతాయి. అద్దెకొచ్చేవాళ్లకైతే టు-లెట్ బోర్డు మీదే 'వెజిటేరియన్లకు మాత్రమే' అన్న జవాబు ముందే రాసుంటుంది. 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరిన అంబేద్కర్ కులం తెలిసిపోయి పార్సీ సత్రం నుంచి గెంటివేయబడ్డాడు. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. దళితులకీ ముస్లింలకీ అద్దె ఇల్లు దొరకనివ్వని పద్ధతులు నగరంలో బతికే ఉన్నాయని అది చూపింది.

చట్టం ఎంతవరకు వస్తుందో కూడా చూడాలి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి గేటు దగ్గర జరిగిన కులదూషణ జనం కంటపడే చోట జరిగినట్టేనంది. 2020లో హితేష్ వర్మ కేసులో, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట అత్యాచారాల నిరోధక చట్టంలోని ఆ సెక్షను కిందికి రాదంది. అంటే చూసినవాళ్లూ విన్నవాళ్లూ ఉండాలి, వాళ్లు నోరు విప్పాలి. కాలనీ వరండాలో చూసేది ఇరుగుపొరుగే. వాళ్లు మౌనంగా ఉంటే కేసు నిలబడదు. కలుపుగోలుతనం గురించి రాసేవాళ్లు ఈ మౌనం గురించి ఎందుకు రాయరు?

మనవాళ్ల మౌనాన్నీ విడిచిపెట్టలేం. కమిటీలో కుర్చీ దొరికిన దళిత మిత్రులు లిఫ్టు నోటీసు మీద సంతకం పెట్టకుండా ఆగగలుగుతున్నారా? చవితికి చందా ఇచ్చిన చేత్తో ఏప్రిల్ 14కి కాలనీ హాలు కావాలని అర్జీ రాయగలుగుతున్నారా? భయం ఎందుకో మాకు తెలుసు, దాన్ని ఎగతాళి చెయ్యం. కానీ సెల్లారులోని కుటుంబం ఒంటరిగా ఉన్నంతకాలం మూడో అంతస్తులోని దళిత యజమాని కూడా ఒంటరే.

వేరే సంప్రదాయం లేదా? ఉంది. 1906లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో, ఉపన్యాసాలతో బస్తీల్లో జనాన్ని కూర్చోబెట్టాడు. అక్కడ కబురు పుట్టించిందీ మనోళ్లే, విన్నదీ మనోళ్లే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తన పేరునే దండోరా అని పెట్టుకుంది. ఎవరి మాటో చాటిన డప్పు తన మాట చాటడం మొదలెట్టింది.

కాబట్టి విద్యార్థులూ కార్యకర్తలూ తమ తమ కాలనీల్లో నోటీసు బోర్డుని చదవండి, రాసుకోండి, ప్రశ్నించండి. అద్దెకున్నవాళ్లకీ వాచ్‌మెన్ కుటుంబాలకీ పనివాళ్లకీ మీటింగులో మాట్లాడే హక్కు కోసం బైలాలు మార్చమని అడగండి. లిఫ్టు నోటీసులు పీకించండి. కబురు మోసేవాళ్లకి కబురు రాసే హక్కు వచ్చినరోజున దాన్ని ఇరుగుపొరుగు అందాం. అప్పటిదాకా అది ప్రహరీగోడ కట్టుకున్న ఊరే.