గొలుసు ఉత్తరం నుంచి బూటకపు హెచ్చరిక దాకా: రూపం, ప్రామాణ్యం, నిజనిర్ధారణ

వ్యాససంగ్రహం:
గొలుసు ఉత్తరాల మోసాల పట్ల జాగ్రత్త చెబుతూ ఆన్‌లైన్‌లో వ్యాపించే పలు హెచ్చరికలు గొలుసు ఉత్తరాల రూపాన్నే ధరిస్తాయి. వాటిలో కొన్ని పూర్తిగా బూటకం, కొన్ని సత్యాసత్యాల మిశ్రమం. ఇటువంటి సందేశాల నిర్మాణాన్ని ఈ వ్యాసం వ్రతకథల ఫలశ్రుతితో పోల్చి చూస్తుంది. వాటి ప్రామాణ్యాన్ని న్యాయదర్శనంలోని ఆప్తవాక్య లక్షణంతోనూ, వాటి పాఠాన్ని గ్రంథపరిష్కరణ పద్ధతితోనూ పరిశీలిస్తుంది. రూపం అనుమానానికి మాత్రమే ఆధారమనీ, తీర్పు ప్రతి వాక్యానికీ విడిగా జరగాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గొలుసు ఉత్తరం, బూటకపు హెచ్చరిక, ఫలశ్రుతి, ఆప్తవాక్యం, పాఠపరిష్కరణ, నిజనిర్ధారణ, వాట్సాప్.

1. ప్రవేశిక:
పోస్టుకార్డు మీద చేతిరాతతో వచ్చే గొలుసు ఉత్తరం తెలుగు కుటుంబాలకు చిరపరిచితం. ఆలయంలో సర్పం కనిపించి మానవరూపం దాల్చి పలికిందనో, ఫలానా దేవత మహిమ చూపిందనో అది మొదలవుతుంది. ఇన్ని ప్రతులు రాసి పంపినవారికి ధనలాభం కలిగిందనీ, నిర్లక్ష్యం చేసినవారికి కీడు జరిగిందనీ చెప్పి ముగుస్తుంది. కార్డు పోయి కరపత్రం వచ్చింది. కరపత్రం తరువాత ఈమెయిల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ వచ్చాయి. వాహకం మారినా ఉత్తరం ఆగలేదు.

ఆన్‌లైన్ యుగంలో దీనికి తోడుగా మరొక రచనారూపం బలపడింది. అది మోసాల గురించి, వైరస్‌ల గురించి, నేరగాళ్ల గురించి జాగ్రత్త చెప్పే హెచ్చరిక. గొలుసు ఉత్తరాన్ని నవ్వి పక్కన పెట్టే విద్యావంతుడు కూడా ఈ హెచ్చరికను నమ్మి పదిమందికి పంపుతాడు. హెచ్చరికే బూటకమైతే దాన్ని గుర్తించే పద్ధతి ఏది? ఈ ప్రశ్న సాంకేతిక నిపుణులది మాత్రమే కాదు. ఇది పాఠాన్ని, ప్రమాణాన్ని పరీక్షించే ప్రశ్న కనుక సాహిత్య విమర్శకు కూడా చెందుతుంది.

2. గొలుసు ఉత్తరం – నిర్మాణం:
సంప్రదాయ గొలుసు ఉత్తరంలో ఐదు అంగాలు కనిపిస్తాయి. అవి మహిమను చెప్పే కథ, పాటించినవారికి ఫలం, పాటించనివారికి శిక్ష, రాయవలసిన ప్రతుల సంఖ్య, గడువు. వీటిలో మొదటి మూడు తెలుగు పాఠకునికి కొత్తవి కావు. వ్రతకథల్లో వ్రతం చేసినవారికి సంపద కలగడం, మొక్కు మరచినవారికి కష్టాలు రావడం, చివర ఫలశ్రుతి చెప్పడం పరిపాటి. సత్యనారాయణ వ్రతకథలో మొక్కు మరచిన వర్తకుని వృత్తాంతం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. గొలుసు ఉత్తరం ఈ పరిచిత చట్రాన్ని అరువు తెచ్చుకుంది కనుకనే సులభంగా నమ్మకం సంపాదించింది. అయితే భేదం గమనించదగినది. వ్రతకథ శ్రోతను పూజకు ప్రేరేపిస్తుంది. గొలుసు ఉత్తరంలో పూజ లేదు, నియమం లేదు, దానం లేదు. ప్రతి చేయడమే క్రతువు. ఉత్తరం తన మనుగడను తప్ప మరి దేనినీ కోరదు.

ధనాశను ఆశ్రయించిన గొలుసులు మరొక శాఖ. 1935లో అమెరికాలోని డెన్వర్ నగరంలో విజృంభించిన ‘సెండ్ ఎ డైమ్’ ఉత్తరం దీనికి ప్రసిద్ధమైన నమూనా. అందులో ఆరు పేర్ల జాబితా ఉంటుంది. మొదటి పేరుకు ఒక డైమ్, అంటే పది సెంట్లు పంపి, ఆ పేరు కొట్టివేసి, చివర తన పేరు చేర్చి, ఐదుగురికి ప్రతులు పంపాలి. గొలుసు తెగకపోతే ఒక్కొక్కరికి 15,625 డైమ్‌లు అందుతాయన్నది ఆశ. ఆ ‘తెగకపోతే’ అన్న మాటలోనే మోసం ఉంది. ఒక్కొక్కరు పదకొండు మందికి పంపే గొలుసులో ఎనిమిదవ అంచెకే 21 కోట్లకు పైగా మనుషులు కావాలి. 2011 జనగణన ప్రకారం నేటి రెండు తెలుగు రాష్ట్రాల మొత్తం జనాభా సుమారు 8.46 కోట్లు. చివరి అంచెలవారు నష్టపోవడం దురదృష్టం వల్ల కాదు, లెక్క వల్ల. డబ్బు చేతులు మారే ఇటువంటి పథకాలను మన దేశంలో 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం నిషేధించింది. నడపడమే కాదు, తెలిసి పాల్గొనడం కూడా ఆ చట్టం కింద నేరమే.

3. హెచ్చరికగా మారిన గొలుసు:
1994 చివర అమెరికాలో వ్యాపించిన ‘గుడ్ టైమ్స్’ సందేశం బూటకపు హెచ్చరికలకు ఆదిపాఠాలలో ఒకటి. ఆ పేరుతో వచ్చే ఈమెయిల్‌ను చదివితే చాలు, కంప్యూటరులోని సమాచారమంతా చెరిగిపోతుందని అది భయపెట్టింది. అటువంటి వైరస్ లేదని అమెరికా ఇంధన శాఖకు చెందిన కంప్యూటర్ భద్రతా బృందం ఆ డిసెంబరులోనే ప్రకటించింది. అయినా సందేశం కొన్నేళ్లు తిరుగుతూనే ఉంది. దానికి స్వయంగా పాకే శక్తి లేదు. భయపడిన మనుషులే దాన్ని మోశారు.

పాత గొలుసు అంగాలు ఇందులో రూపం మార్చుకుని నిలిచాయి. మహిమ కథ స్థానంలో ప్రమాద కథ వచ్చింది. ధనలాభం స్థానంలో రక్షణ, దైవశిక్ష స్థానంలో సమాచార నష్టం వచ్చాయి. ప్రతుల సంఖ్యకు బదులు ‘మీకు తెలిసినవారందరికీ’ అన్న మాట, గడువుకు బదులు ‘వెంటనే’ అన్న మాట చేరాయి. అంతకంటే ముఖ్యమైన మార్పు ప్రేరణలో జరిగింది. పాత ఉత్తరాన్ని పంపినవాడు తన మేలు కోసమో తన భయం వల్లనో పంపాడు. హెచ్చరికను పంపేవాడు ఇతరుల మేలు కోరి పంపుతున్నాడు. మూఢనమ్మకం లేనివారిని కూడా ఈ రూపం లోబరచుకోవడానికి కారణం ఇదే.

2002లో వ్యాపించిన మరొక సందేశం ఇంకొక అడుగు ముందుకు వేసింది. కంప్యూటరులో ఎలుగుబంటి బొమ్మ గల ఒక ఫైలు ఉంటే అది వైరస్ అనీ, దాన్ని తొలగించి పరిచయస్థులందరికీ తెలియజేయాలనీ అది చెప్పింది. నిజానికి అది విండోస్‌తో పాటే వచ్చే మామూలు ఫైలు. వెదికిన ప్రతివాడికీ అది కనిపించింది. కనిపించడమే సందేశానికి రుజువైంది. ప్రత్యక్షం కూడా ఇక్కడ పాఠకుణ్ణి మోసగించింది. ఫైలు ఉన్నదన్నది ప్రత్యక్షం, అది వైరస్ అన్నది కేవలం సందేశం మాట. ఈ రెండింటినీ వేరు చేయలేకపోవడం వల్ల పాఠకుడు హెచ్చరికను పాటించి తన యంత్రంలోని ఫైలును తానే చెరిపివేశాడు.

4. ఆప్తవాక్యం – అజ్ఞాత ప్రమాణం:
న్యాయదర్శనం ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్దాలను ప్రమాణాలుగా అంగీకరిస్తుంది. శబ్దమంటే ఆప్తుని ఉపదేశం. ఆప్తుడు ఎవరన్న ప్రశ్నకు వాత్స్యాయన భాష్యం చెప్పిన లక్షణంలో రెండు అంశాలున్నాయి. అతడు విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగినవాడై ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్లుగా చెప్పాలన్న కోరిక గలవాడై ఉండాలి. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమేనని ఆ భాష్యం చెప్పడం విశేషం. అంటే ఆప్తత్వం పదవి వల్లనో పుట్టుక వల్లనో రాదు.

వాట్సాప్ హెచ్చరికను ఈ లక్షణంతో పరీక్షిస్తే లోపం ఎక్కడుందో స్పష్టమవుతుంది. సందేశం పంపిన బాబాయికో, సహోద్యోగికో సద్భావం ఉంది, సాక్షాత్కారం లేదు. రెండవ అంశం నిండుగా ఉండడం వల్ల మొదటి అంశం లేదన్న సంగతి మరుగున పడుతుంది. పంపినవారిని ప్రశ్నించడం వారి మంచితనాన్ని శంకించినట్లు అవుతుందన్న మొహమాటం దీనికి తోడవుతుంది. ఆ లోటును పూడ్చడానికే సందేశంలో ‘పోలీసు శాఖ ప్రకటించింది’, ‘ప్రముఖ వైద్యులు చెప్పారు’ వంటి మాటలు చేరతాయి. ఏ పోలీసు అధికారి, ఏ తేదీన, ఎక్కడ అన్నవి ఉండవు. శాఖ పేరు ఉంటుంది కానీ సాక్షి ఉండడు.

5. పాఠపరిశీలన – ఉపయోగం, పరిమితి:
1829లో వేమన పద్యాలను ప్రకటించిన సి.పి.బ్రౌన్ మొదలుకొని తెలుగు గ్రంథపరిష్కర్తలు ప్రతులను సేకరించి, పాఠభేదాలను గుర్తించి, ప్రక్షిప్తాలను వేరు చేసే పద్ధతిని అనుసరించారు. గొలుసు ఉత్తరాలకు ఈ దృష్టి వర్తిస్తుంది. ఛార్లెస్ బెనెట్, మింగ్ లీ, బిన్ మా అనే శాస్త్రవేత్తలు 1980 – 1995 మధ్య సేకరించిన 33 గొలుసు ఉత్తరాలను పోల్చి, జీవుల వంశవృక్షం వంటి పరిణామక్రమాన్ని నిర్మించి 2003లో ప్రకటించారు. ప్రతి చేసేటప్పుడు పేర్లు, మొత్తాలు మారిన తీరే వారికి ఆధారమైంది. ‘గుడ్ టైమ్స్’ విషయంలోనూ తొలి పాఠం క్లుప్తమైనది. తరువాతి పాఠంలో అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ హెచ్చరించిందన్న వాక్యం చేరింది. ఆ సంస్థ పని వైరస్‌ల గురించి హెచ్చరించడం కాదు. విశ్వాసం పెంచిన వాక్యమే ప్రక్షిప్తం కావడం గమనార్హం.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. గ్రంథపరిష్కర్త వెదికేది కవి రాసిన పాఠాన్ని. బూటకపు హెచ్చరికలో మూలపాఠం దొరికినా అది సత్యమని చెప్పలేము. మూలమే అబద్ధం కావచ్చు. పాఠనిర్ణయం వేరు, సత్యనిర్ణయం వేరు.

వాట్సాప్‌లో పలుమార్లు తిరిగిన ‘మార్టినెల్లి’ సందేశం ఈ సంగతిని బాగా నిరూపిస్తుంది. ఆ పేరుతో రేపు ఒక వీడియో వస్తుందనీ, తెరిస్తే ఫోను పాడవుతుందనీ దాని మొదటి భాగం. ఇది బూటకమని 2017లోనే స్పెయిన్ జాతీయ పోలీసులు తెలిపారు. ‘వాట్సాప్ గోల్డ్’కు మారమని వచ్చే లింకును నొక్కవద్దని రెండవ భాగం. 2016లో బయటపడిన ఆ గోల్డ్ మోసం మాత్రం నిజమే. రూపాన్ని చూసి సందేశమంతా అబద్ధమని కొట్టివేసినవాడు నిజమైన జాగ్రత్తను పోగొట్టుకుంటాడు. గోల్డ్ నిజమని తెలిసి అంతా నమ్మినవాడు అబద్ధాన్ని మోస్తాడు. కనుక సందేశాన్ని వాక్యాలుగా విడగొట్టాలి. ప్రతి వాక్యానికీ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పినవారి అధికారిక ప్రకటన ఉందా అని విడివిడిగా ప్రశ్నించాలి.

కాలం కూడా విచారణీయమే. 1994లో సాదా ఈమెయిల్ చదివితే కంప్యూటరు పాడవుతుందనడం అసత్యం. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే మెయిల్‌కు జతచేసిన ఫైలును తెరిచినవారి కంప్యూటర్లు నిజంగానే దెబ్బతిన్నాయి. నిన్నటి బూటకం నేటి ప్రమాదానికి దగ్గర కావచ్చు. నిన్నటి నిజం నేడు చెల్లకపోవచ్చు. ‘రేపు’ అని మాత్రమే చెప్పి తేదీ చెప్పని హెచ్చరిక ఎన్నటికీ పాతబడదు. అందుకే అది ఏడేళ్ల తరువాత కూడా కొత్తదిగా తిరిగి వస్తుంది.

6. ప్రాణాల మీదికి వచ్చిన హెచ్చరిక:
కంప్యూటరులో ఒక ఫైలు పోవడం చిన్న నష్టమే. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ దేశంలో పలు ప్రాంతాలకు వ్యాపించిన హెచ్చరికలు అపరిచితులను బలితీసుకున్నాయి. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ మూకదాడిలో మరణించింది. ఆ సందేశాలను పంపినవారిలో ఎందరో తల్లిదండ్రులు. వారి ఉద్దేశం పిల్లలను కాపాడుకోవడమే. సాక్షాత్కారం లేని సద్భావం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

అదే కాలంలో జోగులాంబ గద్వాల ప్రాంతంలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో జరిగిన కృషి విమర్శకుల దృష్టికి రావలసినది. పోలీసులు గ్రామాలకు వెళ్లి ప్రజలతో ముఖాముఖి మాట్లాడారు. డప్పు కళాకారులతో, జానపద బాణీలలో కట్టిన పాటలతో వదంతుల గురించి వివరించారు. ఇక్కడ ఖండన మరొక ఫార్వర్డ్‌గా రాలేదు. పేరు, ముఖం గల మనిషి ఊరి నడుమ నిలబడి, ప్రశ్నిస్తే బదులు చెప్పే స్థితిలో మాట్లాడాడు. ఆప్తుని లక్షణంలో లోపించిన మొదటి అంశం ఆ విధంగా పూరించబడింది.

వాట్సాప్ సంస్థ 2018 జూలైలో భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి విధించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాలకు దాన్ని ఒక చాట్‌కు తగ్గించింది. ఇవి వేగాన్ని తగ్గిస్తాయి. సందేశంపై కనిపించే జంట బాణాల గుర్తు అది ఎన్నో చేతులు మారిందని చెబుతుంది. నిజమో కాదో చెప్పదు. ఆ పని పాఠకునిదే.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

బూటకపు హెచ్చరిక గొలుసు ఉత్తరానికి వ్యతిరేకం కాదు, దాని వారసురాలు. ఫలం, శిక్ష, గడువు, ప్రతుల కోరిక అనే అంగాలు రూపం మారి అందులో కొనసాగుతున్నాయి.

ఈ అంగాలు కనిపించినప్పుడు అనుమానించాలి. అయితే అనుమానమే తీర్పు కారాదు. సత్యాసత్యాలు కలిసిన సందేశాన్ని వాక్యం వెంట వాక్యంగా పరీక్షించాలి.

పంపినవారి మంచితనం ప్రామాణ్యం కాదు. మూలప్రకటన, తేదీ, ప్రకటించిన సంస్థకు ఆ విషయంలో గల అధికారం అనే మూడింటినీ చూడాలి. ప్రభుత్వం పేరుతో వచ్చినవాటికి పత్రికా సమాచార కార్యాలయపు ఫ్యాక్ట్ చెక్ విభాగం ఉంది. డబ్బు పోయినప్పుడు ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

‘ఇది అబద్ధం, అందరికీ పంపండి’ అన్న ఖండన కూడా గొలుసులో మరొక కొక్కెమే. పంపిన ఒక్క వ్యక్తితో విడిగా, మర్యాదగా, ఆధారంతో మాట్లాడడం నెమ్మదైన పని. గద్వాల అనుభవం ఆ నెమ్మదైన పనికే విలువ కట్టింది. ప్రతులను పోల్చి, ప్రక్షిప్తాలను ఏరి, ప్రమాణాన్ని విచారించడం నేర్పే తెలుగు శాఖల తరగతి గదిలో వేమన పద్యం పక్కన ఒక వాట్సాప్ సందేశాన్ని కూడా ఉంచవచ్చు. విద్యార్థి జేబులో ప్రతిరోజూ తిరుగుతున్న ప్రతి అదే.