మీదే ఊరండీ?

పోయిన శనివారం పక్కింటి బీజీ మా ఇంట్లో సీతారామం సినిమా చూసింది. ఎనభై దాటిన పంజాబీ పెద్దావిడ. వాళ్లింట్లో అందరూ షిఫ్టులకి పోతే మా హీటర్ దగ్గరికి, మా ఆవిడ అల్లం టీకి వచ్చేస్తుంది. హిందీ డబ్బింగ్ పెట్టాను. పావుగంటైనా కాలేదు, అడిగింది: "పుత్తర్, ఈ ఫౌజీ అబ్బాయిది ఏ పిండ్?"

ఏ ఊరని. నాకు పండగే. ఈ కాలమ్ పాత చదువరులకి నా గొడవ కంఠతా వచ్చు: హీరోగారి ఇంటిపేరేంటి? 2022లో వచ్చిన ఈ సినిమాలో సైనికుడు రామ్ అనాథ. అనాథకి కులం ఉండదు, పెళ్లికి అడ్డుపడే మేనమామ ఉండడు. 1965 నాటి చీరలు, రైళ్లు, రేడియో, కాశ్మీరు మంచు, అన్నీ దర్శకుడు హను రాఘవపూడి ముచ్చటగా అమర్చాడు. ఆ రోజుల్లో మనుషుల్ని విడదీసిన అసలు సంగతి మాత్రం లేదు. మతం ఉంది, కాదనను. కానీ హైదరాబాద్ రాకుమారి నూర్‌జహాన్ మనకి ముందు సీతామహాలక్ష్మిగానే పరిచయం కావాలి. 2020 నాటి కలర్ ఫొటో సినిమాలో, 90ల బందరు ప్రేమకి అడ్డొచ్చింది ఒంటి రంగట. కంచె మాత్రం, 2015లోనే, రెండో ప్రపంచయుద్ధం నాటి ప్రేమకథలో కులం పేరెత్తే ధైర్యం చేసింది.

ఇదంతా బీజీకి నా వచ్చీరాని హిందీలో చెబుతుంటే, పార్కులో ఉగాది గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందటి మాట. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లోని తెలుగువాళ్లం తలో గిన్నె వండుకొచ్చాం. కొత్తగా వచ్చిన కుర్రాడు పులిహోర ప్లేటుతో ఒక్కడే నిలబడ్డాడు. పాపం కదా అని పలకరించాను. మీదే ఊరండీ? తెనాలి. తెనాలిలో ఎక్కడ? చెప్పాడు. ఇంటిపేరు? ఒక్క క్షణం ఆగాడు. "ఇంటిపేరు కూడా చెప్పాలా అంకుల్?" అని నవ్వి, చెప్పాడు. నేను "ఓహో" అన్నాను.

ఆ ఓహోకి అర్థం తెలుగింట పుట్టినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. నేను ఏ ఉద్దేశంతోనూ అనలేదని ఇంటికొచ్చాక మా ఆవిడతో వాదించాను. ఉద్దేశం లేనివాడివి మూడో ప్రశ్న ఎందుకడిగావంది. ఆ కుర్రాడు మిగతా పొద్దంతా పిల్లలతో క్రికెట్ ఆడాడు. తర్వాతి ఉగాదికి రాలేదు.

తెర మీద ఇంటిపేరు దాచారని దర్శకుల్ని కడిగేసే నేను, తెర బయట దాన్ని తవ్వి తీసేవాణ్ణి. రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు; సినిమాలో కులం కనపడాలనే ఇప్పటికీ అంటాను. కానీ పోయిన శనివారం రామ్ మీద కోపం రాలేదు. రేడియోలో అతని సంగతి విని, ముక్కూ మొహం తెలియనివాళ్లు దేశం నలుమూలల నుంచీ అమ్మలా, చెల్లిలా ఉత్తరాలు రాస్తారు. ఒక్కరూ మీదే ఊరని అడగరు. కట్టుకథే. అయినా కుళ్లొచ్చింది.

"వీళ్లంతా ఇతని చుట్టాలా?" అంది బీజీ. ఎవరో తెలియనివాళ్లన్నాను. ఆ ఉత్తరాల సీను మళ్లీ పెట్టించుకుంది.

మంగళవారం క్రెయిగీబర్న్ స్టేషన్‌లో ఆ తెనాలి కుర్రాడు కనిపించాడు. నమస్తే అంకుల్ అన్నాడు. ఏమడగాలో తేల్చుకునేలోపు సిటీ రైలొచ్చేసింది.