తలంటుకు రెండు చేతులు చాలవు

మా శ్రీకూర్మంలో ఒంటిమీద నీళ్ళు పోసుకోవాలంటే ఏదో ఒక కారణం ఉండాలి. పితృకార్యాలకి వచ్చినవాళ్ళు శ్వేతపుష్కరిణిలో మునుగుతారు, అస్థికలు కలిపాక మళ్ళీ మునుగుతారు. ఫాల్గుణ పున్నమికి డోలోత్సవమైతే గులాల్ వదిలేదాకా రుద్దుకుంటారు. రథసప్తమినాడు అరసవల్లి సూర్యనారాయణుడి పేరు చెప్పి తలమీద, భుజాలమీద ఏడు జిల్లేడాకులు పెట్టుకుని పోసుకుంటారు (ఆ ఆకు తెంపినచోట కారే పాలు కంట్లో పడనివ్వకండి, చాలా ప్రమాదం). ఇక ఇంట్లో పండగనో, పురుడనో, మైలనో నీళ్ళు కాగుతూనే ఉంటాయి. "ఏమీ లేదు, నాకోసం ఒక గంట నీళ్ళ దగ్గర కూర్చుంటాను" అన్న ఆడమనిషిని మాత్రం మా వీధిలో నేను చూడలేదు.

విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా మేనకోడలు ఆమధ్య ఒక స్పాకి వెళ్ళొచ్చింది. వేలల్లో పోసింది. ఏం చేశారే అని అడిగితే నూనె పేరూ చెప్పలేదు, పూసిన లేపనం పేరూ చెప్పలేదు. "అత్తా, గంటసేపు నన్నెవరూ పిలవలేదు" అంది. ఆ మాట విన్నాక ఆ బిల్లు నాకు ఎక్కువనిపించలేదు. కానీ ఆ గంటని ఇంట్లో ఎందుకు సంపాదించుకోలేకపోతున్నాం అనిపించింది. సరంజామాకి కొదవా అంటే అదీ లేదు.

మా ఇంట తలంటు శుక్రవారం నుంచి ఆదివారానికి మారి చాలాకాలమైంది. ఉద్యోగాల దెబ్బకి పంచాంగం కూడా సర్దుకుంది. నువ్వులనూనె గిన్నెని వేడినీళ్ళ చెంబులో నిలబెట్టి గోరువెచ్చన చేస్తాం. పొయ్యిమీద నేరుగా పెడితే మాడు వాసనేస్తుంది. ఆముదం ఒక్కటే రాస్తే వారందాకా వదలదు, అందుకని నువ్వులనూనెలో కాస్త కలుపుకుంటే చాలు. గోళ్ళతో కాదు, వేళ్ళ కొసలతో పాపిట దగ్గర మొదలుపెట్టి, కణతల మీదుగా చెవుల వెనక్కి, అక్కణ్ణుంచి మెడ వెనక గుంటలోకి రావాలి. ఆ గుంట దగ్గర తొందరపడకూడదు. రోజంతా ఫోన్ మీదికి వంగిన మెడ అక్కడే బిగుసుకుని ఉంటుంది. బొటనవేళ్ళు ఆనించి నెమ్మదిగా తిప్పుతుంటే మనిషి భుజాలు తమంతట తామే కిందికి దిగుతాయి. పసిపిల్లలకి నీళ్ళుపోసే ముసలమ్మ ఒకావిడ మా వీధిలో ఉండేది. నేను గబగబా కానిచ్చేస్తుంటే, "ఏటే గుంటా, అలాగ పైపైన రాస్తన్నావు? మాడు తాగాల" అనేది.

మాడు ఎంత తాగుతుందో కానీ వెంట్రుక మాత్రం తాగుతుంది. రేలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనెనీ, పొద్దుతిరుగుడు నూనెనీ, మినరల్ ఆయిల్‌నీ పోల్చి 2003లో ఫలితాలు ప్రచురించారు. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించింది ఆ మూడింట్లో కొబ్బరినూనె ఒక్కటే. వెంట్రుక లోపలికి చొరబడగలగడమే కారణం అన్నారు. ఉద్దానం కొబ్బరి ఉన్న జిల్లా మనది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టేసింది, అది వేరే కథ. గానుగలో ఆడించిన నూనె ఇంకా దొరుకుతూనే ఉంది. పరిమళం కలిపిన సీసాకి మూడింతలు ఎందుకు పెట్టాలో నాకర్థం కాదు.

కుంకుళ్ళ సంగతికొస్తే, వాటిని పొత్రంతో చితక్కొట్టి నల్లగింజ తీసెయ్యాలి. నురుగంతా పైనున్న గుజ్జులోనే ఉంటుంది, గింజ పిల్లల ఆటకే పనికొస్తుంది. రాత్రే నానేసి, పొద్దున్న వేడినీళ్ళలో నాలుగు మందారాకులతో కలిపి పిసికి, పాత నూలుగుడ్డలో వడకట్టాలి. మందారాకు జిగురు వల్ల చిక్కు సులువుగా వదులుతుంది. నురుగునిచ్చేది సపోనిన్ అనే పదార్థం. సబ్బుది క్షారగుణం, కుంకుడు రసానిది కొద్దిగా ఆమ్లగుణం. చర్మానిదీ ఆమ్లగుణమే కాబట్టి పొత్తు కుదురుతుంది. సముద్రం పక్క ఊళ్ళలో బోరునీళ్ళు గట్టిగా ఉండి సబ్బు తెల్లగా తెట్టుకడుతుంది చూడండి, కుంకుడుకి ఆ బాధ లేదు. కళ్ళకి మాత్రం జాలి చూపదు. చిన్నప్పుడు మంటెత్తి అరిస్తే నోట్లో ఉప్పుకల్లు వేసేవారు. మంట తగ్గేది కాదు, అరుపు తగ్గేది.

సున్నిపిండి దగ్గర నాకో పేచీ ఉంది. పెసలు, శనగపప్పు, కాసిన్ని బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండిన నారింజతొక్క వేసి మరపట్టిస్తాం. ఇంతవరకూ బాగానే ఉంది. మొహానికి వాడేది మాత్రం పల్చటి గుడ్డలో మరోసారి జల్లించాలి, లేకపోతే గరుకు పిండి గీరుకుపోతుంది. పెద్దవాళ్ళు వీటితోపాటు గుప్పెడు బావంచాలు కూడా వేసేవారు. నేను వెయ్యను. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. చర్మాన్ని ఎండకి మరీ సున్నితం చెయ్యడం దాని గుణం. బొల్లికి చేసే వైద్యంలో దాన్ని వాడేది ఆ గుణం కోసమే, అదీ వైద్యుడి లెక్కప్రకారం. అది ఒంటికి పూసుకుని మన ఎండలో తిరిగితే బొబ్బలు లేవచ్చు. ఇంట్లో చేసినదల్లా మంచిదే అన్న ధీమా నాకు లేదు. ఇంకొకటి, సున్నిపిండి జిడ్డునీ, మురికినీ, పొలుసుగా లేచిన చర్మాన్నీ తీస్తుంది. రంగుని తియ్యదు, తియ్యాల్సిన పనీ లేదు. పెళ్ళికూతురికి నలుగు పెడుతూ "ఇంకాస్త రుద్దండి, తెల్లబడుతుంది" అనే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతిలోంచి పిండి లాక్కోవాలనిపిస్తుంది.

రోజూ ఇంత తతంగం ఎవరివల్లా కాదు. మామూలు రోజుల్లో చేసుకోగలిగింది కాళ్ళసేవ. వెడల్పాటి బేసిన్‌లో వెచ్చటి నీళ్ళు పోసి గుప్పెడు నౌపడ కల్లుప్పు వేసి పాదాలు పెట్టుకోవడమే. సీసాల్లో అమ్మే బాత్‌సాల్ట్‌లకి చాలా మహిమలు చెబుతారు కానీ హాయినిచ్చేది ముఖ్యంగా నీళ్ళ వెచ్చదనమే. నానిన మడమలు మెత్తబడి పీచుతో రుద్దడం తేలికవుతుందంటే ఒప్పుకుంటాను. చక్కెర జబ్బున్నవాళ్ళు మాత్రం ఈ జోలికి పోవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి నీళ్ళ వేడి తెలియదు, చర్మం కాలిపోయాక తెలుస్తుంది.

వేళ గురించి కూడా ఒక మాట. స్నానమంటే తెల్లవారకుండానే అయిపోవాలని మన పట్టింపు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2019లో చెప్పిందేమిటంటే, నిద్రకి గంటా రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడినీళ్ళతో పోసుకుంటే త్వరగా నిద్రపడుతుందని. పది నిమిషాలైనా చాలట. వెచ్చటి నీళ్ళకి అరిచేతుల్లోకీ అరికాళ్ళలోకీ రక్తం ఎక్కువగా వచ్చి, ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది. లోపల చల్లబడితేనే నిద్రొస్తుంది. పొలంనుంచి వచ్చి, పొద్దుగూకాక దొడ్లో సరుగుడు మండల మంటమీద కాచిన నీళ్ళు పోసుకుని, అన్నం తిని పడుకునేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇవన్నీ చెప్పుకుంటూపోతే తలంటు పదార్థాల వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి అది మనుషుల వ్యవహారం. తన మాడుకి తాను నూనె పెట్టుకోవచ్చు, కానీ మెడగుంట దగ్గర వదులు కావాలంటే ఇంకొకరి బొటనవేళ్ళు కావాలి. వీపు సరేసరి. కాళ్ళు బారచాపుకుని కూర్చుని, వాటిమీద పసిబిడ్డని బోర్లా వేసి, అరచెయ్యి అడ్డంపెట్టి మొహంలోకి నీళ్ళు పోకుండా పోసేది ఆ ముసలమ్మ. బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు వీపుమీద చరిచి పోసేదీ ఆవిడే. పుట్టినప్పుడు, పెళ్ళిలో, పురిట్లో మనకి మరొకరు నీళ్ళు పోస్తారు. పోయాక కూడా మరొకరే. మధ్యలో ఉన్న ఏళ్ళన్నిట్లో ఎవరి వీపు వాళ్ళు రుద్దుకోవాలి. ఆ మధ్య ఏళ్ళలోనే కదా ఆడమనిషి ఇంటిల్లిపాదికీ తలలంటి, చివర్న చల్లారిన నీళ్ళు గబగబా గుమ్మరించుకుని వంటింట్లోకి పరిగెత్తేది.

అందుకని మా ఇంట్లో వంతులు పెట్టాను. ఆదివారం ఒకరికి తలంటు. మిగతావాళ్ళలో ఒకరు నూనె పెట్టాలి, ఒకరు కుంకుళ్ళు కొట్టాలి, ఒకరు వంట చెయ్యాలి. వంతు ఎవరిదైతే వాళ్ళని ఆ గంట పేరుపెట్టి పిలవకూడదు. కుంకుళ్ళు కొట్టడానికి మా అన్నయ్య ఉత్సాహంగానే ముందుకొచ్చాడు, అందులో ఏదో మగతనం కనిపించినట్టుంది. నూనె జిడ్డు నేలని కడగడం దగ్గర వెనకాడాడు. నిజానికి ముందు చెయ్యాల్సిన పని అదే. వాడగా మిగిలిన సున్నిపిండి చల్లి చీపురుతో రుద్దితే జిడ్డు లాగేస్తుంది, లేకపోతే తరవాత వచ్చినవాళ్ళు జారిపడతారు. వచ్చే ఆదివారం వంతు మా వదినది. వంట ఎవరు చేస్తారన్నది ఈ కాలమ్ రాసే సమయానికి తేలలేదు. "ఏటి, నానేనా?" అంటూ అన్నయ్య ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు.